వినోదమునకై చదివిన నవలలు

పాఠ్యపుస్తకము వేఱు, వినోదమునకై చదువు పుస్తకము వేఱు. మొదటిదానిని మనచేత చదివించువారు కలరు. దానికి వేళయు, పరీక్షయు, మార్కులును గలవు. రెండవదానిని మనమే వెదకికొని చదువుదుము. సగములో విడిచినను ఏల విడిచితివని అడుగువారు లేరు. రెండుమాఱులు చదివినను భళి యని మెచ్చువారు లేరు. అందుచేతనే కాబోలు, నవలాపఠనము కాలమును వ్యర్థపుచ్చుననియు, విద్యార్థుల చదువును చెఱచుననియు పెద్దలు పలువురు తలంతురు. ఈ తలంపు నేటిది కాదు. మా తాతల కాలమున నవలలను లెక్కల పుస్తకము చాటున దాచికొని చదివెడివారని వినియున్నాము. నేడు ఆ చాటున చేతిఫోను చేరినను, “పరీక్షలు దగ్గఱకు వచ్చినవి, ఇప్పుడీ కథల పుస్తకమెందుకు?” అను ప్రశ్న మాత్రము మా యిండ్లలో వినబడుచునే యున్నది. ఆ ప్రశ్నకు వినయముతో ప్రత్యుత్తరము చెప్పుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా తరగతివారము ఎనమండ్రము కలిసి, ఈ సంవత్సరమున శనివారపు సాయంకాలములందు గ్రంథాలయపు వసారాలో కూర్చుండి కొన్ని తెలుగు నవలలను చదివితిమి. ఒకరు బిగ్గరగా చదువుట, తక్కినవారు వినుట, చదువువారి గొంతు అలసినప్పుడు పుస్తకమును ప్రక్కవారికి అందించుట, ఇదియే మా పద్ధతి. కథాసంగ్రహములు వ్రాయవలెనను నియమము పెట్టుకొనలేదు. ఒక్క చిన్న పని మాత్రము చేసితిమి. ప్రతివారును తమ చిట్టిపుస్తకమున నాలుగు విషయములను గుర్తు వేసికొనవలెను: ఎక్కడ నవ్వితిమి, ఎక్కడ కన్ను చెమ్మగిల్లినది, ఎక్కడ పుటలు త్రిప్పివేయ బుద్ధి పుట్టినది, ఎక్కడ గ్రంథకర్తతో వాదమునకు దిగితిమి. నవల ముగిసిన పిదప ఆ గుర్తులను సరిపోల్చి చూచుకొనుచుంటిమి. ఎనమండ్రము వినినది ఒక్క కథయే. గుర్తులు మాత్రము ఎనిమిది తీఱులుగ నుండెను. కథను గుఱించి తెలిసినదానికంటె, దానిని చదివినవారిని గుఱించి తెలిసినదే అధికముగ నుండెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదియు నిదియే. వినోదమునకై చదివిన నవల మన మనస్సును మనకు చూపును. పరీక్షాపత్రము మనకు తెలిసినది ఎంతయో కొలుచును. నవల మనము ఎట్టివారమో తెలుపును.

నవల మన భాషకు చిరకాలమునుండి యున్న ప్రక్రియ కాదు. నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు 1872లో శ్రీ రంగరాజ చరిత్రమును ప్రకటించి దానిని నవీన ప్రబంధమనిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారి రాజశేఖర చరిత్రము 1878లో వివేకవర్ధని పత్రికయందు వెలువడ నారంభించి, 1880లో గ్రంథరూపమును దాల్చెను. పంతులుగారు దానిని వచనప్రబంధమనిరి. నవల యను పేరు ఆ పిమ్మట వాడుకలో స్థిరపడినది. పేరేదైనను వీనియందలి క్రొత్తదనము ఒక్కటియే. రాజులును దేవతలును గాక, మన వీధిలో నుండదగిన మనుష్యులు తమ యప్పులతోడను, పెండ్లిండ్లతోడను, ప్రయాణములతోడను కథలోనికి వచ్చిరి. మనవంటివారి కథ గనుకనే మన నవ్వును కన్నీరును అందు చిక్కుకొనుచున్నవి.

1. నవ్విన చోటు

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము మొదటి భాగము 1924లో వెలువడెను. మొగల్తూరు యువకుడొకడు బారిష్టరు చదువునకై సీమకు బయలుదేరి, రైలులోను, మద్రాసులోను, ఓడమీదను పడిన పాట్లే అందలి కథ. మద్రాసులో ముచ్చటపడి కొనిన టోపీ స్త్రీలు ధరించునదని బయటపడిన ఘట్టమున మా నవ్వు మిన్నుముట్టెను. గ్రంథాలయమును చూచు అమ్మగారు మందలించుటకై తలుపుదాక వచ్చి, తామును నిలువబడి విని నవ్విరి.

దాని పిమ్మట చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి గణపతిని చదివితిమి. చిలకమర్తివారు 1867లో జన్మించి 1946లో కీర్తిశేషులైరి. వారికి చిన్ననాటినుండియు రేచీకటి యుండెను; పిదప చూపు పూర్తిగ పోయినను, ఇతరులచేత వ్రాయించుచు గ్రంథరచనను సాగించిరి. అట్టి మహనీయుడు ఇంతగా నవ్వింపగలిగెనన్నది మాకు గొప్ప వింతగ తోచినది. చదువు సంధ్యలులేని గణపతి తానే బడిపెట్టి పంతులగుట చదివినప్పుడు కడుపుబ్బ నవ్వితిమి. కాని మా చిట్టిపుస్తకములను సరిపోల్చినప్పుడు ఒక విశేషము కనబడెను. పార్వతీశము కథలో ఎనమండ్రమును కడదాక నవ్వితిమి. గణపతి కథలో మాత్రము అతడు తన తల్లిని పెట్టిన బాధలు వచ్చుసరికి ఇరువురు నవ్వు మానిరి. “అమ్మను అన్న మాటలకు ఎట్లా నవ్వటం?” అని వారిలో నొక సోదరి యడిగెను.

ఈ భేదమునకు కారణమేమని చర్చించితిమి. పార్వతీశము తన కథను తానే చెప్పుకొనుచున్నాడు. తన అమాయకత్వమును తానే ముందుగ బయటపెట్టి, మనతో కలిసి నవ్వుచున్నాడు. కావున ఆ నవ్వు ఎవరికిని గ్రుచ్చుకొనదు. గణపతి కథను వేఱొకరు చెప్పుచున్నారు. అతనిని దూరమునుండి చూచి నవ్వుదుము. ఆ నవ్వులో మందలింపు కలదు. మందలింపు ముదిరినచోట నవ్వు తనంతట తానే ఆగును. ఒకరితో కలిసి నవ్వుట యొకటి, ఒకరిని చూచి నవ్వుట యొకటి. ఈ రెంటి భేదమును నీతిపాఠములలో పలుమాఱులు వినియుందుము. కాని మా నవ్వులోనే దానిని పట్టుకొనగలుగుట నవలవలన కలిగిన లాభము.

ఆ లాభము పుస్తకముతోనే ముగియలేదు. మాలో సగమువంతు పల్లెలనుండి వచ్చి వసతిగృహమున నుండువారము. ఆ నవల చదివిన కొలదిదినములకు ఆఱవ తరగతిలో క్రొత్తగ చేరిన పిల్లవాడొకడు కంప్యూటరు గదిలో యంత్రము నెట్లు తెఱవవలయునో తెలియక, చేతులు వెనుకకు కట్టుకొని నిలిచియుండెను. ప్రక్కనున్నవారు నవ్వబోవుచుండగా మాలో నొకడు వానికడకు పోయి, “రారా తమ్ముడూ, నేనూ మొగల్తూరు వాడినే!” యని మీటను చూపెను. ఆ పిల్లవానికి మాట యర్థము కాకున్నను ముఖమున చిఱునవ్వు వచ్చినది. నాటినుండి మా వసతిగృహమున క్రొత్తవారందఱికి మొగల్తూరువారని ముద్దుపేరు. ఆ పేరు పెట్టించుకొనినవారికి పని నేర్పుట మా వంతు.

2. కన్ను చెమ్మగిల్లిన చోటు

ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి 1922లో వెలువడెను. దీనికి సంగవిజయమను పేరును గలదు. చెన్నరాష్ట్ర ప్రభుత్వము ఆ నవలను నిషేధించెను. 1928లో కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతించి, 1936లో మరల నిషేధించెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వచ్చిన పిదప ఆ నిషేధము తొలగెను. నవల వట్టి కాలక్షేపమే యైనచో ఒక ప్రభుత్వము దానిని రెండుమాఱులు నిషేధింపవలసిన పనియేమి?

మంగళాపురమున మాలపల్లెలో నివసించు రామదాసు కుటుంబము కథ యిది. రామదాసు తత్త్వచింతనగల శాంతమూర్తి. అతని కుమారుడు సంగదాసు తనవారి మేలునకై పాటుపడుచు, భూస్వామియైన చౌదరయ్య చేతిదెబ్బకు ప్రాణములు కోల్పోవును. ఆ చౌదరయ్య కుమారుడు రామానాయుడే సంగదాసునకు ప్రాణమిత్రుడు. ఈ ఘట్టము వచ్చిన సాయంకాలమున చదువుచున్న సోదరుడు నిలిచిపోయి, మాటాడక పుస్తకమును ప్రక్కకు అందించెను. ప్రక్కవాడును అందుకొని కొంతసేపు ఊరకుండెను. ఆ దినమున పఠనము అంతటితో నిలిచినది.

మరుసటి వారము గుర్తులను సరిపోల్చితిమి. దాదాపు అందఱును సంగదాసు మరణమున గుర్తు వేసిరి. ఒక సోదరుడు మాత్రము దానికి ముందే, కూలి విషయమున పేదలు ఆసామి యెదుట నిలుచుండి మాటలాడుచోట గుర్తు వేసెను. కారణమడుగగా, “మా తాతయ్య పాలేరుగా బ్రతికాడు. ఆ మాటలు మా ఇంట్లో విన్నవే. చనిపోవటం కథలో జరుగుతుంది, అట్లా నిలబడటం రోజూ జరిగేది” యని చెప్పెను. మేము తక్కినవారము నవలలో చూచినదానిని అతడు తన యింట చూచియుండెను. ఒకే బల్లమీద అయిదేండ్లనుండి కూర్చుండుచున్న మాకు అతని తాతగారి సంగతి ఆ సాయంకాలము తెలిసినది. తెలిపినది మాలపల్లి నవల.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినది. సాంఘికశాస్త్రమున దీనిని చదివి, ప్రశ్నకు ప్రత్యుత్తరము వ్రాసి, మార్కులు పొందితిమి. అది యావశ్యకమే. కాని చట్టము ఏమి చేయరాదో చెప్పును. ఎదుటివాని బాధ యెట్లుండునో చెప్పదు. ఆ రెండవ పని నవల చేయగలదు. ఉన్నవవారు తమ పాత్రలచేత గుంటూరు ప్రాంతపు పలుకుబడిలో మాటలాడించుటచే ఆ బాధ పుస్తకపుబాధగ నుండక, మనయింటి గడపలోని బాధగ వినబడును. గ్రాంథికమును గౌరవించు మేమును, ఆ మాటలు ఆ పలుకుబడిలోనే యుండవలెనని యొప్పుకొంటిమి.

3. పుటలు త్రిప్పిన చోటు

నవల చదువువారందఱును ఎక్కడనో యొకచోట పుటలు త్రిప్పుదురు. పాఠ్యపుస్తకమున ఆ స్వాతంత్ర్యము లేదు. అందుచేత త్రిప్పిన చోటును గమనించుటయు నొక చదువే.

రాజశేఖర చరిత్రమునకు బీజము ఆంగ్లకవి గోల్డుస్మిత్తు 1766లో ప్రకటించిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు అను నవలలో గలదు. ఆ బీజమును పంతులుగారు మన గోదావరితీరమున ధవళేశ్వరమున నాటి, మన యాచారములతోడను మన మనుష్యులతోడను పెంచిరి. ధనవంతుడైన రాజశేఖరుడు పొగడ్తలకు లొంగి, బంగారము చేసి పెట్టెదనన్న బైరాగిని నమ్మి, ఉన్నదంతయు పోగొట్టుకొని దారిద్ర్యమున పడును. సిరి యున్నన్నాళ్లు యింట నిండియున్నవారు సిరితోడనే మాయమగుదురు.

ఆరంభమునందలి వర్ణనలయొద్ద మాలో అయిదుగురు పుటలు త్రిప్పవలెనని గుర్తు వేసిరి. మూఢవిశ్వాసములను గుఱించి గ్రంథకర్త తామే ముందుకు వచ్చి బోధించుచోటను గుర్తులు పడినవి. బైరాగి కథ మాత్రము అందఱును ఊపిరి బిగబట్టి వినిరి. ఏలయన, ఆ బైరాగి నేటికిని చావలేదు. “మీకు బహుమతి వచ్చినది, మీ బ్యాంకు సంఖ్య చెప్పుడు” అని టెలిఫోనులో పిలుచువాడు ఆతని వంశమువాడే. మూసలో బంగారము పెరుగుననుటకును, రెండు వారములలో సొమ్ము రెట్టింపగుననుటకును భేదమేమి? నాడును నేడును మోసగాడు మొదట వెదకునది మన పెట్టెలోని సొమ్మును గాదు, మన మనస్సులోని యాశను. కథయే యింత స్పష్టముగ చెప్పినచోట వేఱు బోధ మాకు అక్కఱలేకపోయినది. కథచేతనే బోధింపగల రచయితకు ఉపన్యాసముతో పనిలేదని మేము తెలిసికొన్న రచనాసూత్రము ఇది.

అయితే త్రిప్పిన పుటలు అందఱకు ఒక్కటి కావు. బాలురు దొంగల ఘట్టములకై తొందరపడిరి. మాలోని సోదరీమణులు మువ్వురు రాజశేఖరుని కుమార్తె రుక్మిణి కష్టములయొద్ద నిలిచి, ఆ పుటలను మరల చదువుమనిరి. భర్త మరణించెనన్న వార్త వచ్చినంతనే ఆ కాలమున నొక చిన్నదాని బ్రతుకు ఎట్లు మాఱిపోవునో వారు మాకు విడమఱచి చెప్పిరి. అప్పుడు మా ఉపాధ్యాయులొకరు, గ్రంథము అచ్చైన మరుసటి సంవత్సరమే, అనగా 1881 డిసెంబరు 11వ తేదీన, వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించిరని జ్ఞాపకము చేసిరి. నవలలో వ్రాసిన చేయియే పెండ్లిపందిరిలోను పనిచేసినదని తెలిసిన పిమ్మట ఆ పుటలు మా కందఱకును బరువైనవిగ తోచినవి. ఒకరు త్రిప్పిన పుటను మఱియొకరు నిలిపి చదువుటచేతనే పదిమందితో కలిసి చదువుట మంచిదని మా నమ్మకము.

4. వాదించిన చోటు

1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు జరిపిన నవలల పోటీలో బహుమానము రెండు నవలలకు పంచబడెను. ఒకటి విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు. రెండవది అడివి బాపిరాజుగారి నారాయణరావు. వేయిపడగలను పాములపర్తి వేంకట నరసింహారావుగారు సహస్రఫణ్ అను పేర హిందీలోనికి అనువదించిరి. ఇంత పెద్ద గ్రంథమును మేము పూర్తిగ బిగ్గరగా చదువజాలక, వంతులు వేసికొని ఎవరికి వారు చదివి, శనివారమునాడు కలిసి మాటలాడుకొంటిమి.

సుబ్బన్నపేట కథ యిది. పాతధర్మము ఒక్కొక్క పడగగ వ్రాలిపోవుచుండగా, ధర్మారావు దానిని చూచి దుఃఖించును. క్రొత్తచదువులను, క్రొత్తయంత్రములను గుఱించి ఇందు కఠినమైన మాటలు గలవు. క్రొత్తచదువు చదువుచున్న మాకు ఆ మాటలు సూటిగ తగిలినవి. ఈ చదువే లేనిచో మాలో సగముమందికి అక్షరజ్ఞానమే యుండెడిది కాదని ముగ్గురు గట్టిగ వాదించిరి. పాతయూరిలో అందఱకును సమానమైన చోటు ఉండెనా యని మాలపల్లి చదివిన నోటితోనే అడిగితిమి. కాని యొక సోదరి, తమ యూరి చెఱువు క్రింది పొలములు ఇండ్లస్థలములైనవనియు, పొలముల నడుమ తిరుగాడు పసిరిక కథ చదివినప్పుడు ఆ చేలు కన్నులకు కట్టినవనియు చెప్పెను. ఆమె మాటకు మేము ప్రత్యుత్తరము చెప్పలేదు. చెప్పవలసిన యవసరమును కనబడలేదు.

వాదము తెగలేదు. అయినను ఆ పుస్తకమును విడిచినవారు ఎనమండ్రలో ఒక్కరును లేరు. మనకు సమ్మతముగాని మాటను చెప్పువానిని వేయిపుటలవఱకు ఓర్పుతో వినగలుగుట సామాన్యమైన విషయము కాదు. సభలలోను, పత్రికలలోను, ఫోనుతెరలపైని నేడు మనకు నచ్చని మాట వచ్చినంతనే చెవులు మూసికొనుచున్నాము. నవల ఆ చెవులను తెఱపించును. గ్రంథకర్త మన తల వంచి మ్రొక్కుమనడు. తాను చూచినదానిని మనచేత చూపించును. చూచిన పిదప సమ్మతించుటయు, మానుటయు మన వంతు.

5. మా మనవి

నవలలన్నియు మంచివని మేము చెప్పము. తరువాత నేమగునో యను కుతూహలమును మాత్రము రేపి, ముగింపు తెలిసినంతనే చల్లారిపోవు నవలలు పెక్కు గలవు. వీనిని గుర్తించుటకు మాకు దొరికిన కొలత యిది: ముగింపు తెలిసిన పిదపను మరల చదువ బుద్ధి పుట్టునా? పార్వతీశము టోపీ సంగతి తెలిసియు మరల నవ్వుదుము. సంగదాసు మరణించునని యెఱిగియు మరల ఆ పుటకడ నిలుతుము. అట్టి నవలకు వెచ్చించిన కాలము వ్యర్థము కాదు.

మా తరువాతి తరగతుల సోదరీసోదరులకు మూడు మాటలు. వారమునకు ఒక సాయంకాలము చాలును. నిద్రను మానుకొని చదువనక్కఱలేదు. వీలైనచో నలుగురు కలిసి బిగ్గరగా చదువుడు. కంటితో చదివినప్పుడు జారిపోవు మాట చెవికి చిక్కును. ఒక చిట్టిపుస్తకమున నవ్వినచోటు, కన్నీరు వచ్చినచోటు, త్రిప్పినచోటు, వాదించినచోటు గుర్తు వేసికొనుడు. దానికి మార్కులు వేయుటకు ఎవరికిని ఇయ్యకుడు.

తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును ఒక ప్రార్థన. మా చేతిలో నవల కనబడినప్పుడు ఎన్ని పుటలైనవని గాని, పాఠము ముగిసినదాయని గాని అడుగుటకు మీకు అధికారము గలదు. ఆ ప్రశ్నతోపాటు మఱియొకటి యడుగవలెనని కోరుచున్నాము: “ఎక్కడ నవ్వినావు? ఎక్కడ ఆగినావు?” ఆ ప్రశ్నకు వచ్చు ప్రత్యుత్తరమున మీ బిడ్డ మీకు మఱికొంత తెలియును. పిదప ఆ పుస్తకమును మీరును తీసికొని నాలుగు పుటలు చదువుడు. మీ గుర్తులును మా గుర్తులును ఒకచోట పడకపోవచ్చును. పడనిచోటనే మనము మాటలాడుకొనవలసినది గలదు.